సప్తమ గవాక్ష విజయము

గుండుసూది పోటునకు ఓర్చియు, ఫ్యాను గాలికి ఎగిరియు, బీరువాల చీకటిలో ఏండ్ల తరబడి తపస్సు చేసియు, మనుష్యుల బ్రదుకులను తమ నాలుగంచుల నడుమ మోయుచున్న సమస్త కాగితములకును ముందుగా ఒక నమస్కారము! శ్రోతలారా, ఫోనులను బోర్లింపుడు. చెవులను నిక్కింపుడు.

అది శుక్రవారము. సూర్యుడు పడమటి మేడల కిటికీ అద్దములను ఒక్కొక్కటిగా ముట్టించుచు, భోజనానంతర నిద్రాభారముచే రెప్పలు వాలిన గుమాస్తాల బట్టతలలపై మెరయుచు, గోడగడియారముల చిన్నముళ్లను మూడు దాటించి నాలుగువైపునకు తరుముచున్న అపరాహ్ణవేళ, పద్నాలుగో నంబరు బస్సు ఆఖరి స్టాపునకు ఎదురుగా మూడంతస్తుల దుర్గమొకటి నిలిచియుండెను. జనులు దానిని రిజిస్ట్రారు ఆఫీసందురు. దాని రెండవ అంతస్తున ఏడవ కౌంటరు కలదు. ఆ కౌంటరు సాయంకాలము నాలుగున్నరకు మూతపడును. ఒకసారి మూతపడిన పిమ్మట సోమవారము వరకు ఏ అస్త్రమునకును, ఏ ఏడుపునకును అది తెరచుకొనదు.

ఆ దుర్గమును ముట్టడింపనున్న వీరవనిత అప్పటికి అదే పద్నాలుగో నంబరు బస్సు చక్రము వెనుక కూర్చుండెను. పన్నెండు టన్నుల లోహగజమును అరచేతులతో ఆడించునది. కూడలిలో నాలుగు దిక్కుల హారనులును ఒక్కసారి ఘోషించినను కనుబొమ్మ కదల్పనిది. నిండుగ్లాసు నీరు తొణకకుండ బండి నాపగలదని కీర్తి గాంచి, నిత్యప్రయాణికులచే బ్రేకక్కయను బిరుదమును పొందినది. అట్టి బ్రేకక్కకు పెళ్లియై ఇరువదియైదు దినములయ్యెను. పెండ్లికొడుకు దర్జీ. సూచీధురంధరుడు, కర్తరీకోవిదుడు, మనిషిని దూరమునుండి చూచియే నడుము కొలత చెప్పగల మహానుభావుడు. అయినను ఈ ఇరువదియైదు దినములును ఆమె అమ్మమ్మ యింటనే ఉండెను; ఆయన తన కొట్టులోని కత్తిరింపుబల్లపై, గుడ్డముక్కలు తలగడగా, ఒంటరిగా పండుకొనుచుండెను.

ఎందుకనగా, ఆ దంపతుల నడుమ ఒక కాగితము అడ్డుగా నిలిచెను.

జనులు మ్యారేజి లైసెన్సని పిలుచు ఆ వివాహానుమతి పత్రమును పొందుట ఒక యుద్ధము, తిరిగి అప్పగించుట రెండవ యుద్ధము. మొదట ఇద్దరును కలిసి ఏడవ కౌంటరున కేగి, పుట్టినతేదీ కాగితములు చూపి, వేరొకరితో తమకు పెళ్లి కాలేదని చేయెత్తి ప్రమాణము చేసి, మూడు దినములు వేచి దానిని సంపాదింపవలెను. వీరు సంపాదించిరి. పొందిన ముప్పది దినములలోపల పెళ్లాడవలెను. వీరు అయిదవనాడే పెళ్లాడిరి. పెళ్లి జరిపించిన పెద్దమనిషియు, ఇద్దరు సాక్షులును సంతకములు చేసిన పిమ్మట, అదే కాగితమును ఆ ముప్పది దినములలోపలనే అదే కౌంటరున దాఖలు చేయవలెను. ఇక్కడనే కథ అడ్డము తిరిగెను.

రెండవ సాక్షి అమ్మమ్మ. పెళ్లినాడు ఆమె కళ్లజోడు ఇంట మరచి వచ్చెను. "చదవకుండా నేను దేనిమీదా సంతకం పెట్టను" అని ప్రకటించెను. సరే, రేపు పెట్టవచ్చునని దర్జీ ఆ కాగితమును మడిచి, మిక్కిలి భద్రమైన చోట దాచెను. ఎంత భద్రమైన చోటనగా, మరునాటికి అది ఎచట నున్నదో ఆయనకే తెలియలేదు.

"ఆ కాగితం ఆఫీసులో పడేదాకా కాపురం లేదు" అని అమ్మమ్మ గుమ్మము నడుమ కుర్చీ వేసికొని కూర్చుండెను. ఆమె మాట కొండ. దానిని ఎక్కినవారు లేరు, తవ్వినవారు లేరు.

ముప్పదవ దినము, అనగా గడువునకు ఆఖరి దినము, ఆ శుక్రవారమే, మూడున్నర వేళ, కొట్టు ముందరి స్టాపులో దర్జీ ఒక చేత కాగితమును, ఒక చేత అమ్మమ్మను పట్టుకొని, మెడలోని కొలతటేపు విజయపతాకవలె ఎగురుచుండగా బస్సులోనికి దూకెను.

"దొరికింది! చేతుల కట్టలో ఉంది!"

"ఎవరి చేతులు?" అని బ్రేకక్క అద్దములోనుండి చూచెను.

"చొక్కా చేతులు. నమూనా కాగితాల కట్ట. జాగ్రత్తగా ఉంటుందని నేనే పెట్టానమ్మా."

"ఇరవై అయిదు రోజులు నీక్కూడా కనపడనంత జాగ్రత్తగా పెట్టావు. అమ్మమ్మా, కళ్లజోడు తెచ్చావా?"

"తెచ్చాను. బండి చూసుకుని నడుపు. నేను చదువుకోవాలి."

అమ్మమ్మ ముందు సీటులో ఆసీనురాలై, కళ్లజోడు ధరించి, మొదటి అక్షరమునుండి పఠనము ఆరంభించెను. అక్కడే సంతకము చేయుమని మనుమరాలు బతిమాలెను. "కదిలే బండిలో పెడితే కోడి గెలికినట్టు ఉంటుంది. అక్కడికెళ్లాక పెడతాను" అని ఆమె తలయెత్తకయే పలికెను.

దుర్గమునకు ఇంకను పదునొకండు స్టాపులు.

ఈలోగా ఆ వార్త సీటునుండి సీటునకు పాకి, కడపటి వరుసలో నిద్రించుచున్న వారినికూడ లేపెను. "పాపం, ఇవాళే ఆఖరట!" అని ఒకరు, "నాలుగున్నరకట!" అని మరియొకరు, "మొగుడు బల్లమీద పడుకుంటున్నాడట!" అని పదుగురు. సంచి నిండ పుస్తకములతో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి నిలిచి, "స్టాపుల్లో ఆపకుండా పోనియ్యమ్మా, మేమేమీ అనుకోం!" అని ఎలుగెత్తెను. బస్సంతయు అవునవునని ఘోషించెను.

అంతట బ్రేకక్క, కన్నులు త్రోవ మీదనే నిలిపి, గేరు మార్చుచు, ఇట్లు వచించెను:

"ఇన్నేళ్లలో చెయ్యెత్తిన మనిషిని వదిలేసి ఒక్కసారి కూడా వెళ్లలేదండీ. నాకు తొందరగా ఉందని ఇవాళ వదిలేస్తే ఎలా? ఆ స్టాపులో నిలబడ్డవాళ్లకి మాత్రం నాలుగున్నరకి మూతపడే కౌంటరు లేదని ఎవరు చెప్పారు?"

ఆ వీరవాక్యములకు బస్సులో మహాకోలాహలము! ఆపక తప్పదేని, ఆపినంతసేపు తగ్గింతుమని ప్రయాణికసేన ప్రతిజ్ఞ పూనెను. దిగవలసినవారు రెండు స్టాపుల ముందే లేచి ద్వారమువద్ద బారులు తీరిరి. బండి నిలిచిన తోడనే గింజలు రాలినట్లు రాలిరి. ఎక్కువారిని లోనివారు భుజములు పట్టి లాగిరి. "పెళ్లివారి బండి! త్వరగా ఎక్కండి!" అను కేకలకు ఏమియు తెలియని ఒక ఫొటోగ్రాఫరు, ఏదో పెళ్లికి ఆలస్యమైతిననుకొని, కంగారుపడి జుట్టు దువ్వుకొనెను. ఆరవ స్టాపు, ఏడవ స్టాపు, ఎర్రదీపము, పచ్చదీపము! ఇంత జరుగుచున్నను అమ్మమ్మ రెండవ పేరా దాటలేదు.

ఒక ఎర్రదీపము కడ బండి నిలిచినప్పుడు దర్జీ మెల్లగా అడిగెను. "అమ్మమ్మగారూ, కాగితం మీద మీకెందుకండీ ఇంత పట్టుదల?"

ఆమె కళ్లజోడు పైనుండి చూచెను. "మా పెళ్లికి కాగితం లేదబ్బాయ్. అప్పట్లో ఎవరు రాయించుకున్నారు? ఆయన పోయాక, నేను ఆయన భార్యనని రుజువు చెయ్యమన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసినదాన్ని. నాలుగేళ్లు తిరిగాను. ఏ కిటికీ దగ్గరికెళ్లినా ఒకటే మాట, కాగితం ఏదమ్మా అని." ఆమె మరల కాగితము వైపు తిరిగెను. "నా మనవరాలికి ఆ గతి పట్టకూడదు."

చక్రముపై బ్రేకక్క పిడికిళ్లు బిగిసెను. అమ్మమ్మ మొండితనమును గూర్చి ఇరువదియైదు దినములు గొణిగిన గొణుగుడంతయు ఆమెకు అప్పుడు గుర్తునకు వచ్చెను. దీపము పచ్చబడెను. వెనుక హారను మ్రోగెను. ఆమె ముక్కు ఎగబీల్చి, మొదటి గేరు వేసెను.

నాలుగు గంటల పదునొకండు నిమిషములకు లోహగజము ఆఖరి స్టాపున నిలిచెను. తరువాతి డ్రైవరునకు బండి నప్పగించి బ్రేకక్క నేలకు దూకగా, ప్రయాణికసేన కిటికీలనుండి జయధ్వానములు చేసెను. ముందు బ్రేకక్క, వెనుక దర్జీ, వాని భుజముపై ఒక చేయి వేసి, రెండవ చేత కాగితము పట్టుకొని చదువుచునే మెట్లెక్కుచున్న అమ్మమ్మ! ఇట్లు ఆ త్రివర్గసైన్యము రెండవ అంతస్తును చేరెను. ద్వారముననున్న టోకెను యంత్రము నాలుక చాచి అరువదిమూడను సంఖ్యను ఉమిసెను. కౌంటరుపై ఎర్రని అంకెలు ఏబదితొమ్మిదియని వెలుగుచుండెను.

ఎన్నడును ఎవరికొరకును క్యూలో నిలువని, వేలాదిజనులను తనకొరకు నిలువబెట్టిన బ్రేకక్క, ఆనాడు బల్ల అంచున కూర్చుండి, లేని బ్రేకును కుడికాలితో తొక్కుచుండెను. అరువది. అరువదియొకటి. అరువదిరెండును పొందినవాడు ఫోనులో మాటలాడుచు బయటకు పోయి, మరల రాలేదు. వానికి పిల్లాపాపలతో శుభమగుగాక! నాలుగు ఇరువదియొకటికి గంట మ్రోగెను. అరువదిమూడు!

కౌంటరు వెనుక గుమాస్తా నడివయస్సు స్త్రీ. అలసిన మొగము, మంచి మనస్సు, కఠినమైన నియమములు. "కాగితం ఇవ్వండి."

"అమ్మమ్మా, కాగితం!"

"ఆగవే. వెనకవైపు చిన్నక్షరాల్లో ఉన్నాయి."

దర్జీ తన జేబులోని కలమును తీసి సిద్ధముగా నిలిచెను. గుమాస్తా దాని మూత చూచి తల యడ్డముగా ఊపెను. "అది నీలం. సాక్షి సంతకం నల్ల సిరాతోనే ఉండాలి. నీలమైతే స్కానులో పడదు, తిప్పి పంపేస్తారు."

"మీ దగ్గర నల్లది లేదాండీ?" అని బ్రేకక్క అడిగెను.

"పొద్దున్నే ఎవరో పెళ్లికొడుకు పట్టుకుపోయాడు. ఆనందంలో ఉన్నాడు, నేను చూసుకోలేదు. అదిగో, తాడుకి కట్టిందొకటి ఉంది."

కౌంటరు ప్రక్కన, మేకను కట్టినట్లు, దారముతో కట్టబడిన నల్లకలమొకటి వ్రేలాడుచుండెను. దర్జీ దానిని పట్టి గీచెను. గీత పడలేదు. ఊదెను, విదిల్చెను, అరచేతుల నడుమ త్రిప్పి వేడిచేసెను. పడలేదు. గీచిన చిత్తుకాగితము చిరిగెను గాని సిరా రాలేదు. గడియారము నాలుగు ఇరువదియైదు. అంతట ఆ సూచీధురంధరుడు, జీవితమున ఎన్నడును గొంతు పెంచనివాడు, ఆవేశపరవశుడై కలమును ఆకాశమునకెత్తి ఇట్లు గర్జించెను:

"ఓ కలమా! ఎందరి పెళ్లిళ్లు చేశావు! ఎందరి ఇళ్లు నిలబెట్టావు! నేనేం పాపం చేశానని నా దగ్గరికొచ్చేసరికి ఎండిపోయావు? ఇరవై అయిదు రాత్రులు! బల్లమీద! ఒక పక్క ఇస్త్రీపెట్టె, ఒక పక్క కత్తెర! నా నడుము సంగతి నీకేం తెలుసు?"

హాలు దద్దరిల్లెను. వరుసలో నున్నవారందరును లేచిరి. జేబులు తడిమిరి, సంచులు బోర్లించిరి. కౌంటరుపై కలముల వాన కురిసెను. నీలము, నీలము, మరల నీలము. ఒకటి ఆకుపచ్చ, ఒకటి పెన్సిలు, ఒకటి థర్మామీటరు. నల్లనిది లేదు! నాలుగు ఇరువదియారు. "నాలుగున్నరకి కంప్యూటరు దానంతటదే ఆగిపోతుంది. నా చేతుల్లో లేదమ్మా" అని గుమాస్తా మొరపెట్టెను. బ్రేకక్క కౌంటరు చెక్కను రెండు చేతులతో పట్టుకొని నిలిచెను.

సరిగ్గా ఆ నిమిషమున అమ్మమ్మ కాగితము నుండి తల యెత్తెను.

"చదివేశాను. అంతా సరిగ్గానే ఉంది. ఏమిటీ గోల?"

"నల్ల పెన్ను లేదు అమ్మమ్మా!" అని ఇద్దరును ఒక్క గొంతుకతో ఆక్రోశించిరి.

అమ్మమ్మ వారిని మార్చి మార్చి చూచెను. చేతిసంచి జిప్పు లాగెను. లోపలినుండి ఒకటి కాదు, రబ్బరుబ్యాండు చుట్టిన మూడు నల్లకలములను బయల్వెడలించెను.

"నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్ని. నల్ల పెన్ను లేకుండా గడప దాటుతానా? అడగొచ్చు కదా!"

ఆమె కుర్చీ అడిగి కూర్చుండి, కాగితము క్రింద అట్ట అడిగి పెట్టించుకొని, తన పేరును ఒక్కొక్క అక్షరమే, తలకట్టు మరువక, దీర్ఘము తప్పక, పూర్తిగా వ్రాసెను. హాలులో ఊపిరి పీల్చినవారు లేరు. నాలుగు ఇరువదియెనిమిది. గుమాస్తా పత్రమును లాగికొని, మీటలపై వ్రేళ్లను పరుగెత్తించి, ముద్రను ఎత్తెను. ముద్ర పొడిగా నుండెను. ఆమె దానిపై "హా" యని నోటి ఆవిరి నూది, లేచి నిలిచి, శరీరభారమంతయు మోపి—

ధన్!

కలములు ఎగిరెను. గుమాస్తా ప్రక్కనున్న గ్లాసులో నీరు తొణకెను. "పడింది. పది రోజుల్లో నకలు వస్తుంది. ఇది రసీదు" అని గుమాస్తా, కన్నులు తుడుచుకొనుచు, అరచేతియంత చీటీని కిటికీనుండి చాచెను.

అమ్మమ్మ ఆ చీటీని అందుకొని, అదియును చదివి, మనుమరాలి గుప్పిట్లో పెట్టి, గుప్పిటను మూసెను. మూసిన గుప్పిటను కొంచెము సేపు వదలలేదు. పిమ్మట దర్జీ వైపు తిరిగెను. "అబ్బాయ్, ఇంటికి పద. నీ నడుముకి కాస్త కాపడం పెట్టించుకుందువు గాని."

ఇట్లు ఆ శుక్రవారమున, నాలుగు గంటల ఇరువదితొమ్మిది నిమిషములకు, శత్రువులకు ఒక్క నిమిషమును మిగిల్చి, చొక్కా గుండీకి మించని, కొంచెము వంకరయైన, ఎడమ అంచున సిరా అంటని ఒక ఊదారంగు ముద్ర సాక్షిగా, బ్రేకక్క తన భర్తకు భార్య అయ్యెను. ఇరువదియైదు దినములుగా ఆమె అయియే యున్నదను సంగతి ఆ దుర్గమునకు మాత్రము అప్పుడే తెలిసెను. జయము! జయము! జయము! ఏడవ కౌంటరు తలుపు దభాలున మూతపడెను.