గుమ్మిలో నాలుగు మూరలు

ఆ బుధవారం పొద్దున, సుల్తానాబాదులో ఫోటోలు తీసే దశరథం అనుకున్న పని ఒక్కటే. నూరడుగుల ఫిల్ము డబ్బా తెరిచి, చీకట్లో ముక్కలు కోసి, రీళ్లకు చుట్టుకోవాలి. సిద్ధంగా చుట్టి ఉన్న రీలు కొంటే ఎనిమిది రూపాయలు. డబ్బా అరవై నాలుగు. అందులోంచి పదహారు రీళ్లు వస్తాయి. అంటే సగానికి సగం మిగులు. ఆ అరవై నాలుగూ సిరిసిల్లలో ఉండే, పిల్లనిచ్చిన మామ కైలాసం ఇచ్చినవే. ఇస్తూ ఒక మాటన్నాడు: "శనివారం వచ్చి చూస్త. దుకాణం నడిస్తె నీ ఇష్టం. నడువకపోతె కెమెరా అమ్మి, వచ్చి మా మగ్గం మీద కూసో." దశరథం అప్పటికే పదేళ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు. మళ్లీ కూర్చోదలచుకోలేదు.

చిక్కల్లా చీకటితోనే. ఇంటికి గూనపెంకుల కప్పు. పగలు వెలుతురు జల్లెడలోంచి దిగినట్టు దిగుతుంది. రాత్రిదాకా ఆగే ఓపిక లేదు. పెరటి వసారాలో పేడతో అలికిన వెదురు గుమ్మి ఉంది. పాత వడ్లు అయిపోయాయి, కొత్తవి ఇంకా రాలేదు. దశరథం డబ్బా, కత్తెర, ఖాళీ రీళ్లు పట్టుకుని అందులోకి దిగాడు.

"గుమ్మిల సొచ్చుడేందయ్యా? నువ్వేమన్న ఒడ్లా?" అంది పెళ్లాం అనసూర్య.

"పైన గొంగడి కప్పు. నేను పిలిచేదాక తియ్యకు. జర సందు దొరికినా అంత ఖతం."

ఆమె గొంగడి మడతపెట్టి కప్పి, బిందె తీసుకుని నీళ్లకు పోయింది.

లోపల స్కేలు కనబడదు. దశరథానికి అదేమంత లోటు కాదు. నేతపని చేసిన చేతికి మోచేయే కొలబద్ద. రీలుకు నాలుగు మూరలు. కొలిచేటప్పుడు పైకి లెక్కపెట్టడం కూడా మగ్గం దగ్గరి అలవాటే. అయిదు రీళ్లు చక్కగా కుదిరాయి. ఆరోది పట్టు తప్పి బుస్సుమని విచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి బాలవ్వ చాట అడుక్కుపోదామని వచ్చింది. గుమ్మిలోంచి గొంతు వినబడింది.

"మూడు... నాలుగు మూరలు. ఆగు, మెడకెందుకు సుట్టుకుంటవ్? తల ఇటు తే... ఆఁ, దొరికింది నీ తోక. కోస్త!"

బాలవ్వ వీధిలోకి ఉరికింది. "ఓ బుచ్చిరాములూ! ఉరుకురా! దశరథం గుమ్మిల పాముతోని కొట్లాడుతుండు! నాలుగు మూరలదట!"

బుచ్చిరాములు కట్టె పట్టుకుని వచ్చాడు. వాడి వెనక పదిమంది.

"దశరథమా, బతికున్నవా?"

"ఉన్న. గొంగడి ముట్టకుండ్రి!"

"కరిసిందా?"

"కరుసుడేందిరా? వెలుతురు తగిలితె సస్తది!"

"సస్తె మంచిదే గదా!" అన్నాడు బుచ్చిరాములు.

"అరువై నాలుగు రూపాయలదిరా!"

"ఇసం తలకెక్కింది," అని తేల్చింది బాలవ్వ. "పైసలు లెక్కపెడుతుండు పాపం. తొయ్యిరా!"

నలుగురు పట్టి తోశారు. గుమ్మి పక్కకు ఒరిగింది. మెడకూ చేతులకూ నడుముకూ నల్లగా నిగనిగలాడే చుట్టలతో దశరథం ఎండలోకి దొర్లాడు.

"అగో, కుబుసం!" అంది బాలవ్వ. పాము ఎటు పోయిందని వెతికేవాళ్లు వెతికారు. దొరక్కపోయేసరికి తలా ఒక ముక్క కుబుసం తెంపుకుని పోయారు.

నీళ్లతో వచ్చిన అనసూర్య బిందె దించలేదు. "బాపుకేం చెప్దాం?"

దశరథం మూతలు బిగించి ఉన్న రీళ్లు ఏరుకున్నాడు. "పదకొండు పోయినయి. అయిదున్నయి. అయిదింటితోనే నడిపిస్త."

మరునాడు పొద్దున్నే మొదటి గిరాకీ బుచ్చిరాములే, పెళ్లాం పిల్లలతో సహా. పాము తోక కోసిన చేతితో తీసిన ఫోటో ఇంట్లో ఉంటే పాము గడప తొక్కదని బాలవ్వ చెప్పిందట. కోతలకు దిగే రోజులు. పొలం గట్ల మీద పాములకు కరువు లేదు. మధ్యాహ్నానికి పక్క ఊళ్ల వాళ్లూ వచ్చారు. దశరథం ప్రతి ఒక్కరికీ నిజమే చెప్పాడు.

"అవ్వా, అది పాము గాదు. ఫిల్ము."

"ఫిల్మా?" అంది ముసలి కిష్టవ్వ, కుర్చీలో సర్దుకు కూర్చుంటూ. "గీ జాతి పేరు ఎన్నడు ఇనలే. ఇసం బాగుంటదా?"

శుక్రవారం సాయంత్రానికి అయిదు రీళ్లూ అయిపోయాయి. శనివారం తొలి బస్సుకు కరీంనగర్ పోయి, సిద్ధంగా చుట్టిన రీళ్లు ఆరు, రీలుకు ఎనిమిది చొప్పున, బేరమాడకుండా తెచ్చాడు.

మధ్యాహ్నం కైలాసం దిగాడు. గుమ్మం నుంచి వీధి మలుపుదాకా నిలబడ్డ మందిని కాసేపు చూశాడు.

"దుకాణం నడుస్తున్నట్టే ఉన్నది, అల్లుడా. కాని బస్సుల ఒకామె అన్నది, నువ్వు పాములు పడుతవట. గా ఇద్దె ఎప్పుడు నేర్చుకున్నవ్?"

అది పాము కాదని చెప్పడానికి దశరథం నోరు తెరిచాడు. మామ భుజం మీదుగా వరుస కనబడింది.

"మొన్న బుధవారం, మామా," అన్నాడు.