అత్తగారి ఇంటూ గుర్తు

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. శాసనసభకు గెలిచినట్టు ప్రకటించగానే దుకాణం తెరిచి, ఆగిపోయిన చొక్కాలకు గుండీలు కుట్టాలి. దర్జీల వీధిని పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కడతానన్న కాంట్రాక్టరు మీద పోటీకి దిగాడు మరి. వాడు గెలిస్తే దుకాణమే ఉండదు. తీరా లెక్కింపు హాలుకు వెళ్తే ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

"ఒక్క ఓటా? ఊరుకునేది లేదు. మళ్ళీ లెక్కపెట్టండి!" అని బల్ల గుద్దాడు.

మళ్ళీ లెక్కపెట్టారు. అదే ఒక్క ఓటు. ఇక అతనికి అందరి మీదా అనుమానమే. ఇస్త్రీ చేసే మేనమామను "నువ్వే కదూ?" అని నిలదీశాడు. బయట నిలబడ్డ గుండీలమ్మే బావమరిదిని హాలు కిటికీలోంచే కడిగిపారేశాడు. మధ్యాహ్నానికి అతనితో మాట్లాడే బంధువు మిగల్లేదు. అయినా తగ్గలేదు. ప్రతి ఓటూ తన కళ్ళముందు విప్పి చూపించమన్నాడు.

అప్పుడు దొరికింది. కాంట్రాక్టరు పేరు పక్క గడిలో ఇంటూ గుర్తు, దాని చుట్టూ తీరైన చుక్కల గీత.

"ఇది చెల్లదు! ఓటా, బొమ్మా? తీసెయ్యండి, ఇద్దరం సమానమైపోతాం!"

అతని తరఫున లెక్క చూస్తున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకుని లేచింది. దుకాణంలో బట్ట మీద సుద్దతో గుర్తులు పెట్టేది ఆవిడే.

"చెల్లదా? అల్లుడూ, అది నా ఓటు!"

"వాడికి వేశారా అత్తయ్యా?"

"వెయ్యడమేంటి? మన కొట్లో ఇంటూ పెట్టిన ముక్క ఏమవుతుంది? చుక్కల మీదుగా కత్తిరించి అవతల పారేస్తాం. వాణ్ణీ పారెయ్యమనే పెట్టా!"

అధికారి తల పట్టుకున్నాడు. "అయితే చెల్లదని రాసేయనా అమ్మా?"

"నా గుర్తు చెల్లదని ఇన్నేళ్ళలో ఎవడూ అన్లేదు. నువ్వంటావా? చెల్లుతుందని రాయి!"

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతా..."

"నువ్వాగు అల్లుడూ!"

అధికారి హడలిపోయి చెల్లుతుందనే రాశాడు. కాంట్రాక్టరు గెలిచాడు. దర్జీకి ఏడుపొక్కటే తక్కువ.

అత్తగారు మాత్రం అందరికీ చేతులూపుతున్న కాంట్రాక్టరు ఎదుట నిలబడింది.

"నిన్ను గెలిపించింది నా గుర్తు. మా వీధి మీద చెయ్యి పడిందో, పొరపాటున పెట్టానని కోర్టుకెళ్ళి నేనే చెప్తా. తర్వాత నీ ఇష్టం."

చేతులూపడం ఆగిపోయింది. వీధి జోలికి రానని కాంట్రాక్టరు అక్కడికక్కడే మైకులో ఒప్పుకున్నాడు. మర్నాడు ప్రమాణస్వీకారానికి కోటు కుట్టించుకోవడానికి ఆ దుకాణానికే వచ్చాడు.

బట్ట మీద గుర్తులు అత్తగారే పెట్టింది.