మూడో అంకంలో చావని మనిషి

ఆ రోజు ఉదయం ఆల్మా ప్రౌటీ అనుకున్నది ఒకటే. రాత్రి ఆటలో కాస్త త్వరగా చచ్చి, మొహానికున్న రంగు కడుక్కుని, బస ఇంటావిడ తలుపులు వేసేలోగా చేరుకోవాలి. రెండేళ్ళుగా నాటకాల కంపెనీతో ఊరూరా తిరిగి ఆమె చేస్తున్న ఉద్యోగం చావడమే. 1911లో ఒహాయో పట్టణాల్లో, పరాయివాడితో గడప దాటిన భార్య మూడో అంకం చివర బతికి ఉంటే, టికెట్టు కొన్నవాళ్ళు ఒప్పుకునేవారు కాదు.

ఆ రాత్రి ఆమె పిస్తోలు గుండెకి ఆనించుకుని, "నన్ను క్షమించండి!" అంటూ మీట నొక్కింది. టిక్కుమంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ టిక్కే.

తెర పక్కనుంచి కంపెనీ యజమాని గ్రిడ్లీ పళ్ళు నూరాడు. "చావవే! ఏదో ఒకలా చావు!"

"దేంతో చావను?" పెదవి కదపకుండా అడిగింది ఆల్మా.

బల్ల మీద సారా గ్లాసు కనిపించింది. అదే విషమనుకుందామని చెయ్యి చాచేసరికి, భర్త వేషంలో ఉన్న లూథర్ కంగారులో దాన్ని గటగటా తాగేశాడు. ఇంతలో గ్రిడ్లీ పిస్తోలు చప్పుడు కోసం చెక్క మీద చెక్కతో ఫెడీల్మని కొట్టాడు. సరిగ్గా అప్పుడే ఆల్మా చేతిలోని పిస్తోలు లూథర్ వైపు తిరిగి ఉంది. కథ మార్చారు కాబోలనుకుని అతను దబ్బున పడి ప్రాణం విడిచాడు.

ధర్మాత్ముడైన భర్త నేల మీద ఉన్నాడు. తప్పు చేసిన భార్య నిలబడి ఉంది. ఏమనాలో తోచక ఆల్మా కోటు తొడుక్కుంది, తలుపు తీసుకుని బయటికి నడిచింది. తెర పడింది. హాల్లో దగ్గు కూడా వినిపించలేదు.

తెల్లారేసరికి పాస్టరుగారు నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు.

"మా ఆడవాళ్ళు చూస్తుండగా మొగుణ్ణి చంపి, తలెత్తుకు పోతుందా?"

"పిస్తోలు పేలలేదండీ!" అన్నాడు గ్రిడ్లీ.

"పేలకపోతే సిగ్గుతోనైనా చావొద్దూ?"

వాళ్ళు వెళ్ళగానే గ్రిడ్లీ ఆల్మా వైపు తిరిగాడు. "ఇంక నువ్వు వద్దు, ఆల్మా. వేరే అమ్మాయిని చూసుకుంటాను."

"రెండేళ్ళు రోజూ చచ్చాను కదండీ. ఒక్కరోజు బతికితే తీసేస్తారా?"

ఆల్మా బసకి వెళ్ళింది. ఇంటావిడ అప్పటికే ఆమె పెట్టె వీధి మెట్ల మీద పెట్టేసింది. ఆవిడ ఆటకి రానేలేదు.

స్టేషన్‌లో ఏ ఊరికి టికెట్టు అడగాలో తెలియక ఆల్మా బెంచీ మీద కూర్చుంది. టోపీ కళ్ళదాకా లాక్కున్న ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. పాస్టరుగారి భార్య.

"అమ్మాయ్, ఒక్కమాట. రాత్రి ఆటలో ఆవిడ తలుపు తీసుకుని ఎక్కడికెళ్ళింది?"

"తెలీదండీ. అక్కణ్ణుంచి కథ ఎవరూ రాయలేదు."

ఆవిడ పట్టాల వైపు చాలాసేపు చూసింది. తర్వాత, ఆయన భోజనానికి వేళవుతోందని లేచి ఇంటికి వెళ్ళిపోయింది.