మడుగు గట్టున ప్రజాభిప్రాయ సేకరణ

ఒక పెద్ద అడవిలో ప్రజాస్వామ్యం బ్రహ్మాండంగా నడుస్తోంది. తాగడానికి నీళ్లు మాత్రం లేవు. ఎండలకు వాగులన్నీ ఎండిపోయి ఒకే ఒక్క మడుగు మిగిలింది. అందులో ఒక మొసలి కాపురముంది. దాహానికి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చేవాళ్లు, కొందరు వచ్చేవాళ్లు కాదు.

"మడుగు నుంచి పక్క పల్లానికి కాలువ తవ్విస్తా. మొసలి మొహం చూడకుండా తాగుదురుగాని" అని చెప్పి నక్క ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడైంది. గెలిచాక మొసలి దాన్ని పిలిచి రెండు మంచి ముక్కలు పెట్టింది. రోజూ పెడుతూనే ఉంది. నక్కకు ఒళ్లు వచ్చింది, కాలువ సంగతి మరుపున పడింది.

చుక్కమ్మ అనే దుప్పికి మాత్రం మరిచిపోయే వీల్లేదు. దాని పిల్లకు నాలుక పిడచకట్టుకుపోయి నిలబడలేకపోతోంది.

"అయ్యా, అడవిపందులు కోరలు నూరుకుని సిద్ధంగా ఉన్నాయి. తమరు ఊఁ అంటే పొద్దుగూకేలోపు తవ్వేస్తాయి" అంది చుక్కమ్మ.

"ఎంత మాట తల్లీ! నలుగురి అభిప్రాయం తీసుకోకుండా తవ్వితే అది నియంతృత్వం కాదూ? రేపే ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నా. మడుగు గట్టునే" అంది నక్క.

ఆ అడవిలో ఒక ఆచారముంది. సభలో మాట్లాడేవాళ్లు ముందు నీళ్లలోకి దిగి, అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయాలి. మొసలి లేని ఏ వాగులోనో, ఏ వానాకాలంలోనో పుట్టిన ఆచారం. ఇప్పుడు వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. పద్ధతంటే ఆ అమాయకులకు అంత గౌరవం. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ముందు కుందేలు దిగింది. "అంతా నిజమే..." అంటుండగానే నీళ్లు కదిలాయి. కుందేలు లేదు.

"కుందేలు గారు తమ అభిప్రాయాన్ని ఉపసంహరించుకున్నారు. తర్వాత?" అంది నక్క తొణక్కుండా.

కొండగొర్రె దిగింది. అదీ ఉపసంహరించుకుంది.

చుక్కమ్మ వంతు వచ్చింది. పిల్లకేసి చూసింది. భయం వేసింది, భయాన్ని మించి కోపం వచ్చింది.

"దిగుతానయ్యా. కానీ సభ నడిపేవారు ముందు ప్రమాణం చెయ్యాలిగా? తమరు చెయ్యనేలేదు. రేపు ఎవరైనా ఈ సభ చెల్లదంటే?"

"అవునవును, చెల్లదు!" అని అరిచాయి అన్నీ. కుందేలు పోయినప్పుడు కిక్కురుమనని వాళ్లకు పద్ధతి తప్పిందనగానే ఎక్కడలేని రోషం పుట్టుకొచ్చింది.

నక్క నవ్వుకుంది. మొసలి మనవాడే కదా అని ధీమాగా నీళ్లలోకి దిగి, "బావా, నేనే" అంది మెల్లగా.

"తెలుసు బావా. ఈ ఎండలకు జనమంతా బక్కచిక్కిపోయారు. కాస్త కండ ఉన్నది నువ్వొక్కడివే" అంది మొసలి.

మొసలి నములుతున్నంతసేపూ అడవి మొత్తం మడుగు మీద పడి తాగింది. చుక్కమ్మ పిల్ల కడుపు నిండా తాగి చెంగున గెంతింది. చుక్కమ్మ ఏడ్చేసింది.

"ఇక తవ్వమంటారా?" అని అడిగింది ఒక అడవిపంది.

"అధ్యక్షుడు లేకుండా ఎలా తవ్వుతారు? ముందు ఎన్నిక జరగాలి" అంది ముసలి ఏనుగు. అందరికీ అది సబబుగానే తోచింది.

పోయిన నక్క మేనల్లుడు పోటీకి దిగింది. "మామయ్య కల నెరవేరుస్తా, కాలువ తవ్విస్తా" అని కన్నీళ్లు పెట్టుకుంది. భారీ మెజారిటీతో గెలిచింది. చుక్కమ్మ కూడా దానికే ఓటేసింది. ఆ సాయంత్రమే మొసలి కొత్త అధ్యక్షుణ్ణి భోజనానికి పిలిచింది.

నీతి: అధ్యక్షుడు పోయినప్పుడల్లా ప్రజలకు ఒక పూట దాహం తీరుతుంది.