‘ఎవరికి’ అన్నచోట ఖాళీ

సాయంత్రమైతే చాలు, ఆఫీసులో అందరి ఫోన్లూ మోగుతాయి. వంటయిందని ఒకరికి, పిల్లాడు పేచీ పెడుతున్నాడని ఇంకొకరికి. అందరూ మూగనోము అని పేరు పెట్టిన ప్రోగ్రామరు ఫోను మాత్రం ఉలకదు, పలకదు. గదికి పోతే పలకరించే దిక్కు లేదు. ఆ సంగతి నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని అతగాడి బెంగ. అందుకే ఓ పొద్దున పళ్లు తోముకుంటూ ఒక పథకం వేశాడు: ఆఫీసు మెసేజీల ప్రోగ్రాముతో రోజూ సాయంత్రం తనకు తానే ఒక కబురు పంపుకోవాలి.

దాన్ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ తెరిచాడు. పైనే ఉంది మెథడ్ సిగ్నేచర్, అంటే ఆదేశంలో ఏది ఏ వరసలో రాయాలో చూపే నమూనా: పంపు(మాట, [ఎవరికి], [ఎన్నిసార్లు]). చదరపు బ్రాకెట్లలో ఉన్నవి రాయకపోయినా ఫరవాలేదని అతనికి తెలుసు. రాయకపోతే ఏమవుతుందో కింద వివరంగా ఉంది. కిందిది చదివే ఓపికే ఉంటే ఈ కథ లేదు. ‘ఎవరికి’ వదిలేస్తే తనకే వస్తుందిలే అనుకుని, "వంటయింది, ఎప్పుడొస్తావ్?" అన్న మాట ఒక్కటే రాసి, సాయంత్రానికి వెళ్లేలా పెట్టాడు.

సాయంత్రం ఆఫీసంతా ఒక్కసారిగా మోగింది. ‘ఎవరికి’ లేకపోతే అందరికీనట. ‘ఎన్నిసార్లు’ లేకపోతే జవాబు ఇచ్చేదాకానట. ప్రతి మెసేజ్ పైనా పంపినవాడి పేరొకటి. ఫోను నోరు మూయించడానికి ఒకడు కూరేమిటని అడిగాడు. అకౌంట్సు ఆవిణ్ణి తీసుకెళ్లడానికొచ్చిన భర్త అయితే ఆవిడ ఫోను చూసి, నీకు వండిపెట్టే ఆ మహానుభావుడెవరని ఆవిణ్ణి నిలదీశాడు.

మూగనోముకు ముచ్చెమటలు పట్టాయి. "పొరపాటు, ఎవరూ రావద్దు" అని అందరికీ ఒక్కసారి పంపాలనుకున్నాడు. అందరికీ కాబట్టి ‘ఎవరికి’ వదిలేసి, ఒక్కసారే కాబట్టి 1 అని వేశాడు. సిగ్నేచర్లో వరస తప్పితే కుదరదు. ఆ 1 కాస్తా పోయి ‘ఎవరికి’ చోట్లో కూర్చుంది, ‘ఎన్నిసార్లు’ మళ్లీ ఖాళీ. ఆఫీసులో ఒకటో నంబరు మేనేజరుగారు. మీటింగులో ఉండి దేనికీ జవాబివ్వని ఆ పెద్దమనిషికి వరసగా ఎప్పుడొస్తావ్, రావద్దు, ఎప్పుడొస్తావ్, రావద్దు.

మిగతావాళ్లు కడుపుబ్బ నవ్వుకుని, ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఉద్యోగం ఊడినట్టే అనుకుంటూ మూగనోము గదికి చేరాడో లేదో తలుపు చప్పుడైంది. ఎదురుగా మేనేజరుగారు.

"వంట చేసిందెవరయ్యా?"

"ఎవరూ లేరండీ. ఆ మెసేజ్ నాకు నేనే పంపుకోబోయాను."

మేనేజరుగారు చెప్పులు విప్పి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. "ఎప్పుడొస్తావని నన్నెవరైనా అడిగి చాలా ఏళ్లయిందయ్యా. రావద్దన్నదీ చదివాను. కానీ అడిగింది ముందు కదా."

మూగనోము పోయి స్టవ్ వెలిగించాడు. ఆయన చేతులు కడుక్కుని వెనకాలే వచ్చారు. ఇద్దరిలో ఎవరికీ వంట రాదని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.