కర్దనూర్ పందికి ఏ తూటా మంచిది?

పెద్ద తూటా అంత మేలు చేసే సరుకు మన పటాన్‌చెరు ఏరియాలో ఇంకొకటి లేదు. పేల్చాల్సిన పని కూడా లేదు. దాని గురించి మాట్లాడుకుంటే చాలు!

నవ్వకండి. ఇరవై రెండేళ్లుగా మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నవాణ్ని. ఏ సరుకు ఎవరికి అక్కరకొస్తుందో తూకం వెయ్యడమే నా పని. తుపాకులు, తూటాలు నా దగ్గర దొరకవు. అయినా ఈ వానాకాలమంతా నా దుకాణంలో మేకుల కన్నా తూటాల పేర్లే ఎక్కువ వినిపించాయి.

కారణం బక్కమ్మ. కర్దనూర్‌లో ఆమెకు రెండెకరాల మక్క చేను ఉంది. చేను మోకాలెత్తుకు రాగానే ఒక అడవిపంది దిగింది. బక్కమ్మ చేను చుట్టూ పాత చీరలు కట్టింది. పంది వాటి కిందనుంచి దూరింది. ఆమె డబ్బా మోగించింది. పంది కాసేపు ఆగి విని, మళ్లీ మేతలో పడింది. ఇక లాభం లేదని బక్కమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సేటూ, పంది రాకుంట జెర ఏదన్న తీగ ఇయ్యి. మక్క పోతే నా బర్లకు సొప్ప గూడ మిగలదు."

ఆమె అడిగింది తీగ. కానీ ఆ సమయానికి దుకాణం బల్ల మీద సత్తిబాబుగారు ఉన్నారు. ప్రభుత్వ ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ విభాగంలో చేసి రిటైరైన మనిషి. ఆయన ముట్టుకున్న తుపాకీ లేదు, యూట్యూబ్‌లో చూడని తుపాకీ లేదు.

"తీగెందుకండీ? అటవీశాఖ లిస్టులో ఉన్న షూటర్‌ని పిలిపిద్దాం. త్రీ సెవెంటీఫైవ్ మాగ్నమ్ తూటా అయితే ఒక్క దెబ్బండీ! ఆఫ్రికాలో దాంతో అడవిదున్నల్నే పడగొడతారు."

పక్కనే ఉన్న పెద్దరాములు ఊరుకుంటాడా? ఆయనదీ కర్దనూరే. తాతకు నాటు తుపాకీ ఉండేదట. ఆ లెక్కన ఈయనా వేటగాడే.

"ఏంది సార్, గది దున్నకు సరిపోతది. మా పంది తోలు మందం. ఫోర్ ఫిఫ్టీ ఎయిట్ గావాలె."

"అది ఏనుక్కండీ బాబూ!"

"మీరు మా పందిని సూసిండ్రా మరి?"

అదిగో, అక్కడ మొదలయ్యాయి లాభాలు! తూటా సైజు పెరిగిన కొద్దీ పంది బరువూ పెరిగింది. సోమవారం ఎనభై కిలోలున్నది శనివారానికి రెండు క్వింటాళ్లయింది. ఏ పందుల ఫారం యజమానికి సాధ్యం చెప్పండి?

ప్లాంటు వాళ్లకూ ఊరివాళ్లకూ ముప్పై ఏళ్లుగా కుదరని స్నేహం కుదిరింది. ఒడిశా నుంచి వచ్చిన వెల్డర్ కూడా హిందీలో తన ఓటు వేసి వెళ్లాడు. సత్తిబాబుగారిని పదింటి నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో లేకుండా చేసినందుకు ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు నాకు ఉసిరికాయ పచ్చడి పంపారు. నా సిమెంటు బస్తాల మీదంతా తూటా వేగం, బరువు, తాకిడి లెక్కలే!

ఇంతకీ షూటర్ కోసం అటవీశాఖకు పెట్టాల్సిన అర్జీ? ఎవరూ అడగకపోయినా అందులో తూటా పేరుకో గడి గీసి నింపి తీరాలని సత్తిబాబుగారి పట్టుదల. ఇన్‌స్పెక్షన్ చేసిన చెయ్యి మరి, గడి ఖాళీగా వదులుతుందా? ఆ ఒక్క గడి కోసం అర్జీ నలభై రోజులు నా బల్ల మీదే ఉంది.

బక్కమ్మ వారం వారం వచ్చేది.

"సేటూ, కాయితం పోయిందా?"

"ఇంకా లేదమ్మా. అదేమన్నా చిన్న విషయమా?"

"పెద్దదే. సగం చేను తిన్నది."

చివరికి ఇద్దరూ రాజీపడి థర్టీ నాట్ సిక్స్ అని రాశారు. షూటర్ వచ్చాడు. పేరు నరసరాజు. అర్జీ వైపు చూడనే లేదు. మేమంతా చేను గట్టు మీద నిలబడ్డాం.

"మీ తూటా ఎంతదూరం వెళ్తుందండీ?" అన్నారు సత్తిబాబుగారు ఆశగా.

"తగిలితే పందిదాకా. తగలకపోతే రెండు మూడు కిలోమీటర్లు," అని అతను బక్కమ్మ వైపు తిరిగాడు. "చేను వెనక అటేముందమ్మా?"

"రింగు రోడ్డు."

"ఇటు?"

"కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇండ్లు. మా బిడ్డ ఆడనే ఉంటది."

"ఆ పక్క?"

"కంపెనీ. గ్యాసు ట్యాంకులున్నయ్. ఈ దిక్కు పిల్లల హాస్టలు."

నరసరాజు తుపాకీని సంచిలో పెట్టేశాడు. "పంది ఎక్కడ నిలబడ్డా దాని వెనక ఎవరో ఒకరున్నారమ్మా. ఒక్క గుట్ట ఉన్నా తూటా అందులో ఆగేది."

"గుట్టుండె సారూ. పంది గూడ గాడనే ఉండె. క్రషరోళ్లు గుట్టను కంకర కొట్టి అమ్ముకున్నరు."

ఆ కంకరలో కొంత నా దుకాణం నుంచే పోయింది. ఆ మాట అక్కడ చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు.

మొన్న బక్కమ్మ మళ్లీ వచ్చింది. బర్రెల్ని అమ్మేసిందట. ఈసారి తీగ అడగలేదు, హద్దురాళ్లు అడిగింది. చేను ప్లాట్లవుతోంది. పెద్దవా, చిన్నవా అన్నాను. "ఏదైతేంది సేటూ, మక్క మొలుస్తదా దాన్ల?" అంది. తూటా ఎంచడానికి మాకు నలభై రోజులు పట్టింది. రాయి ఎంచడానికి ఆమెకు రెండు నిమిషాలు! లైసెన్సు అక్కర్లేదు, అర్జీ అక్కర్లేదు, గురి తప్పదు. ఆ రాయి చేనును ఒక్క దెబ్బతో పడగొట్టింది.

పంది మాత్రం పడలేదు. తెల్లరాళ్ల మధ్య నిలబడి, షూటర్ చూసినట్టే నాలుగు దిక్కులూ చూసిందట. ఎటూ దారి లేక ఇటొచ్చింది. నిన్నటి నుంచి నా గోడౌన్ పక్కనే మకాం!

కాబట్టి పాఠకులారా, ఏ తూటా మంచిదో తెలిసినవాళ్లు వెంటనే చెప్పండి. గురి చూసేటప్పుడు మాత్రం, గోడౌన్ వెనకే మా ఇల్లుందని మరవకండి.