ఇడ్లీ రేకుల్లో ఇంజిన్

వీరవేణి ఇడ్లీ రేకులకి నెయ్యి రాస్తోంది. రెండో రేకు పక్కన పెట్టి మూడోదాని కోసం చెయ్యి చాపితే అది అక్కడ లేదు. షెడ్డు ముందు భర్త ఉదయభాస్కర్ చేతిలో ఉంది.

"ఏవండీ, అదెందుకు మీకు?"

"నట్లు పెట్టుకోడానికి. ఒక్కో గుంటలో ఒక్కో సైజు. బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు."

షెడ్డులో ఉన్నది ఇరవై ఏళ్ళ నాటి డీజిల్ ఎస్‌యూవీ. కొన్నాళ్ళుగా తెల్లపొగ కక్కుతూ, పోసిన నీళ్ళన్నీ తాగేస్తోంది. ఇంజిన్ మీద మూతలా ఉండే హెడ్డు కింద గ్యాస్కెట్ పోయిందని ఉదయభాస్కర్ తేల్చాడు. చేలో ఆయిల్ ఇంజిన్ విప్పి బిగించిన ధైర్యం అతనికుంది. తోడుకి రాజమహేంద్రవరం నుంచి వెంకన్న అనే మెకానిక్‌ని రమ్మన్నాడు. ఫోన్లో మాట్లాడటమే తప్ప మనిషిని ఎప్పుడూ చూడలేదు.

వీరవేణి ఆలోచన వేరు. ఆ షెడ్డు ఖాళీ అయితే తన కుట్టుమిషను అందులో పెట్టుకోవాలని ఎన్నో వానాకాలాలుగా చూస్తోంది. ఇప్పుడది ఉన్న వసారాలోకి జల్లు కొట్టి ఊళ్ళోవాళ్ళ పట్టు జాకెట్లు తడుస్తున్నాయి. అందుకే పిఠాపురంలో ఉన్న తమ్ముడు గణేష్‌బాబు చేత బండి కొనే మనిషిని వెతికించింది. ఆయన ఇవాళే వస్తున్నాడు. సంగతి భర్తకి చెప్పలేదు. మనిషి ఎదురుగా నిలబడితే మొహమాటానికి ఈయన కాదనలేడని ఆమె ధీమా. కావలసిందల్లా ఒక్కటే, మెకానిక్ కంటే ముందు కొనేవాడు రావాలి.

గేటు దగ్గర తెల్లచొక్కా ఒకటి కనబడింది. "బండి ఉన్న ఇల్లు ఇదేనాండి?"

"ఇదేనండి, రండి రండి. మీకోసమే చూస్తున్నాం!" ఉదయభాస్కర్ ఎదురెళ్ళి ఆయన చేతిలో పన్నెండో నంబరు స్పానర్ పెట్టాడు. ఆయన దాన్ని తిప్పి చూసుకుని, తిరిగివ్వడం బాగోదన్నట్టు పట్టుకుని నిలబడ్డాడు.

మెకానిక్కే ముందొచ్చేశాడనుకుంది వీరవేణి. ఎలాగైనా కాసేపు ఆపాలి.

"ముందు టిఫిన్ చేయండి అన్నయ్యగారూ."

ఉన్న రెండు రేకుల ఇడ్లీలూ ఆయనకే పెట్టింది. లేవబోతే పెసరట్టు వేసింది. అదీ అయ్యాక కాఫీ ఇచ్చింది. ఆయన తిన్నాడు, తాగాడు. కొనేవాడు మాత్రం రాలేదు.

"రేడియేటర్ నీళ్ళు వదిలేద్దామంటారా?" అడిగాడు ఉదయభాస్కర్.

"మీ ఇష్టమండి."

"ఈ గొట్టాలు కూడా తీసేస్తే?"

"ఆయ్, అలాగేనండి."

ఉదయభాస్కర్ మంచినీళ్ళకని లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "చూశావా వేణీ, పని తెలిసినవాళ్ళు ఇంతే. ఊరికే మాట్లాడరు."

వీరవేణి మజ్జిగ తీసుకెళ్తే వచ్చినాయన గ్లాసు అందుకుని, విప్పిన సామాను వంక ఆశ్చర్యంగా చూశాడు. "ఇంత విప్పి మరీ చూపించేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదమ్మా."

మెకానిక్ మాట్లాడవలసిన మాటలా అనిపించలేదు ఆమెకి. పెరట్లోకెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఆయన ఇంకా రాలేదేంట్రా?"

"అదేంటక్కా, పొద్దున్నే బయల్దేరాడు. దార్లో ఎవరన్నా కాఫీ తాగమంటే ఆగిపోయుంటాడు. మహా మొహమాటస్తుడు."

ఆమె తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఇంజిన్ హెడ్డుకి మోకు కట్టి పైకి లేపేశారు. దించడానికి చోటు కోసం చూస్తూ వసారా దాకా వచ్చేశారు. "వేణీ, ఆ జాకెట్లు తియ్యి!" ఆమె జాకెట్లు లాగిందో లేదో, నల్లటి నూనె కారుతున్న హెడ్డు కుట్టుమిషను బల్ల మీద కూర్చుంది.

ఇద్దరూ అరుగు మీద చతికిలబడి చెమట తుడుచుకున్నారు. ఎవరూ లేవలేదు.

"ఇక బిగింపు మీదేనండి," అన్నాడు ఉదయభాస్కర్.

"నాదాండి? మీరు విప్పారు కదండి. మీరే బిగిస్తారనుకున్నానండి."

అప్పుడు ఫోన్ మోగింది. చేతులకి గ్రీజు ఉందని ఉదయభాస్కర్ మోచేత్తో స్పీకర్ నొక్కాడు.

"సార్, వెంకన్ననండి. కడియం దగ్గర వేరే పని తగిలిందండి, రేపొస్తాను. అందాకా మీరు బండి ముట్టుకోకండి."

ఉదయభాస్కర్ నెమ్మదిగా పక్కకి తిరిగాడు. "మరి... తమరు?"

"గణేష్‌బాబుగారు పంపారండి. బండి కొందామనీ..."

"ఏ గణేష్‌బాబు?"

వీరవేణి చేతిలో జాకెట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. "మా తమ్ముడేనండి."

ఉదయభాస్కర్‌కి ఎవరి మీద కోప్పడాలో తోచలేదు. "వచ్చీరాగానే చెప్పొచ్చు కదండి!"

"మీరు నాకోసమే చూస్తున్నామన్నారు కదండి!"

కొనడానికొచ్చినాయన లేచాడు. ఖాళీ అయిన ఇంజిన్ వంకా, నట్లతో నిండిన ఇడ్లీ రేకు వంకా చూశాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, గేటు దాటాడు. ఆయనతోపాటే వీరవేణి షెడ్డూ వెళ్ళిపోయింది. వసారా అప్పటికే పోయింది.

ఆయన చొక్కా జేబులోంచి పన్నెండో నంబరు స్పానర్ తల బయటికి కనబడుతోంది. ఇంటికొచ్చిన మనిషిని అడగడం బాగోదని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఊరుకున్నారు.